సిద్ధాంత వ్యాసమున ఆధార సూచనలు

కడచిన చెరకు నరుకుళ్ల కాలమున నొకనాటి సాయంకాలము, మా చోడవరమునకు చెందిన యొక అమ్మాయి పెద్ద కాగితముల కట్ట చేతబట్టుకొని మా యింటికి వచ్చినది. ఆమె తండ్రి చెరకు రైతు. ఆమె విశ్వవిద్యాలయమున పరిశోధకురాలు. గానుగల కాలము మొదలు గోవాడ చక్కెర కర్మాగారము వచ్చిన తరువాతి కాలము వరకు ఈ ప్రాంతపు బెల్లము వర్తకము ఎట్లు నడచినదో ఆమె వ్రాయుచున్నది. అయిదు అధ్యాయములలో మూడు ముగిసినవి. ఇంతలో ఆమె పర్యవేక్షకులు పదవీ విరమణ చేసిరి. వారు చరిత్ర శాఖవారు. వారి స్థానమున వచ్చినవారు అర్థశాస్త్రమువారు. పుట క్రింద అంకె వేసి వ్రాసిన పాదసూచికలన్నియు తీసివేసి, వాక్యము నడుమనే కుండలీకరణములలో గ్రంథకర్త పేరును, ప్రచురణ సంవత్సరమును చూపవలెనని క్రొత్తవారు కోరిరి. వ్యాసము సమర్పించుటకు గడువు మూడు నెలలు.

"మాస్టారూ, చుక్కలూ కామాలూ మార్చడమే కదండీ? రెండు రోజుల పని అనుకున్నాను. నెల రోజులైనా మొదటి అధ్యాయం దాటలేదు" అని ఆమె కంట నీరు పెట్టుకొన్నది.

మేమప్పుడు చెప్పిన సలహా తప్పు. దానిని దాచుకొనుట యెందుకు? "వ్రాసినవి అట్లే యుండనిమ్ము, వ్రాయబోవు రెండు అధ్యాయములు క్రొత్త పద్ధతిని వ్రాయుము, ముందుమాటలో ఒక వాక్యము చేర్చుము" అని చెప్పి పంపితిమి. ఒక వారము గడచిన పిమ్మట ఆమె కాగితములు తీరికగా చదివిన మీదట మా పొరపాటు మాకు తెలిసినది. దానిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి. మీ ఇండ్లలోను పరిశోధన చేయు బిడ్డ ఒకరుండవచ్చును. రాత్రి రెండు గంటల వరకు దీపమార్పక వారు చేయుచున్న పని ఏమిటో తెలిసినచో తల్లిదండ్రులకు కొంత ఊరట.

సిద్ధాంత వ్యాసమున ప్రతి ముఖ్యమైన మాటకును ఒక సాక్షి యుండవలెను. ఆ సాక్షి యెవరు, ఏ గ్రంథమున ఏ పుటలో నిలుచున్నాడు అని చదువరికి చూపుటయే ఆధార సూచన. ఇది మనకు క్రొత్త కాదు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. అందొక పదము క్రింద ప్రయోగము చూపి, అది యే కావ్యములోనిదో పొడి అక్షరములతో గుర్తు వేసినారు. భారతమునకు పర్వము, ఆశ్వాసము, పద్యము చెప్పుట మన పండితుల రీతి. ఈ రీతిలో నొక గొప్ప సుఖమున్నది. ఏ ముద్రణాలయమువారు అచ్చువేసిన ప్రతిలోనైనను ఆ పద్యము దొరకును. పుట సంఖ్యయో, ఒక్క ముద్రణకే చెల్లును.

పాశ్చాత్యులు తమ అవసరములకు వేరువేరు దారులు తొక్కిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రజ్ఞుడైన ఎడ్వర్డు లారెన్స్ మార్కు 1881లో ప్రకటించిన పరిశోధనలో, వాక్యము నడుమ కుండలీకరణమున పేరు, సంవత్సరము వేసెను. ఆ పరిశోధన దేనిని గూర్చి యనుకొన్నారు? తోటలలో ప్రాకు నత్తజాతి పురుగును గూర్చి! ఈనాడు హార్వర్డు పద్ధతి యని లోకము వాడుచున్నది ఆ రీతినే. పాదసూచికలకు పెట్టినది పేరైన షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారి నియమావళి 1906లో మొదటి కూర్పుగా వచ్చినది. అదే విశ్వవిద్యాలయమున విద్యార్థుల వ్యాసములను సరిచూచు ఉద్యోగినిగా నున్న కేట్ టురాబియన్ అను నామె 1937లో విద్యార్థులకై చిన్న పుస్తకము కూర్చినది. అది నేటికిని క్రొత్త కూర్పులతో నడచుచున్నది. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1929లో ఏడు పుటల సూచనలు ప్రకటించిరి; అవి పెరిగి పెరిగి పెద్ద గ్రంథమైనవి.

విజ్ఞాన శాస్త్రములో క్రొత్తదనమునకు విలువ యెక్కువ. ఈ మాట ఎప్పుడు చెప్పినారని చదువరి మొదట అడుగును. కనుక సంవత్సరము వాక్యములోనే కనబడవలెను. చరిత్రకారునికి ఆధారములు ఉత్తరములు, దస్త్రములు, శాసనములు, కచేరీ కాగితములు. వానికి ఒక్కొకప్పుడు కర్తయే యుండడు. వానిని వర్ణించుటకు పుట క్రింద చోటు కావలెను. అనగా ఈ పద్ధతులు ఒకే వస్త్రమునకు వేసిన రెండు రంగులు కావు. ఒకటి దాచుకొన్నదానిని మరియొకటి పారవేయును. నడుమ పద్ధతి మార్చువాడు ఏమి పారవేయుచున్నాడో చూచుకొనవలెను. మా అమ్మాయి కాగితములలో మాకు కనబడినది అదే.

ఆమె రెండవ అధ్యాయమున, పాత రికార్డులలో చోడవరము పేరు పలుమార్లు వచ్చుననియు, 1879 నాటి రంప పితూరీ కాగితములందును అది కలదనియు వ్రాసినది. మొదట ఆ వాక్యమునకు పాదసూచిక యుండెను. అందు గ్రంథము పేరుతో పాటు, "ఈ చోడవరము గోదావరి మన్యములోనిది, నేటి రంపచోడవరము, మన చోడవరము కాదు" అను మూడు ముక్కలుండెను. క్రొత్త పద్ధతికి మార్చునప్పుడు పాదసూచిక తీసివేసి కుండలీకరణము పెట్టినది. కుండలీకరణమున పేరు, సంవత్సరము, పుట మాత్రమే పట్టును. మూడు ముక్కలు పోయినవి. ఇక ఆ పుట చదివినవాడు పితూరీ మన వినాయకుని గుడి వీధులలో జరిగినదని నమ్మవలసినదే! పరీక్షకుడు ఢిల్లీవాడో బొంబాయివాడో యైనచో, రెండు చోడవరములున్నవని అతడెట్లెరుగును? అతడెరుగకున్నచో వ్యాసము నెగ్గును. తప్పు గ్రంథాలయమునకు ఎక్కును. దానిని చూచి మరియొకరు వ్రాయుదురు.

అంతటితో పోలేదు. ఆమెకు ముఖ్యాధారములు మూడు. 1869 నాటి కార్మైకేల్ దొరగారి విశాఖపట్టణము జిల్లా మాన్యువల్ ఒకటి. మద్రాసు జిల్లా గెజెటీర్ల వరుసలో ఫ్రాన్సిస్ వ్రాసిన విశాఖపట్టణము సంపుటము రెండవది. అదే వరుసలో హెమింగ్వే వ్రాసిన గోదావరి సంపుటము మూడవది. (నవలలు వ్రాసిన హెమింగ్వే వేరు, ఇతడు మన దొరతనపు ఉద్యోగి.) తుది రెండును 1907లోనే వెలువడినవి. ఆమె చూచిన గ్రంథాలయ పట్టికలో రెండును మద్రాసు ప్రభుత్వము పేరనే యుండెను. నాలుగవ అధ్యాయము క్రొత్త పద్ధతిని వ్రాయునప్పుడు ఆమెకు కావలసినది విశాఖ సంపుటమొక్కటే. కనుక (మద్రాసు ప్రభుత్వము 1907) అని వేసినది. పిమ్మట వెనుకకు వచ్చి రెండవ అధ్యాయమును మార్చగా గోదావరి సంపుటము తగిలినది. ఒకే కర్తకు ఒకే సంవత్సరమున రెండు గ్రంథములున్నచో, పేర్ల అకారాది క్రమమున 1907క, 1907ఖ అని గుర్తులు వేయవలెనని నియమము. గోదావరి ముందు వచ్చును, విశాఖపట్టణము తరువాత. అప్పుడు నాలుగవ అధ్యాయములోని ప్రతి 1907కును ఖ చేర్చవలెను. ఆమె కొన్నింటికి చేర్చినది; కొన్నింటిని మరచినది; అలసటలో రెండింటికి క వేసినది. మన చెరకు తోటలను గూర్చిన మాటకు గోదావరి మన్యము సాక్ష్యమిచ్చుచుండెను!

పాత అధ్యాయములు పాత రీతిని, క్రొత్తవి క్రొత్త రీతిని ఉండనిచ్చినచో ఈ చిక్కు వచ్చునా యని మీరడుగవచ్చును. మేమును మొదట అట్లే తలచితిమి. కాని చివరనుండు గ్రంథసూచి ఒక్కటే గదా. పాదసూచికల పద్ధతిలో సూచి ఒక తీరు, సంవత్సరపు పద్ధతిలో మరియొక తీరు. మొదటి తీరున సంవత్సరము చివర వచ్చును; రెండవ తీరున కర్త పేరు వెంటనే రావలెను, లేకున్నచో కుండలీకరణము చూచి వచ్చినవానికి గ్రంథము దొరకదు. సగము వ్యాసమునకు సరిపడు సూచి తక్కిన సగమునకు సరిపడదు. పాకము పెనములో నుండగానే అచ్చులు ఎంచుకొనవలెను. సగము ఒక అచ్చున, సగము వేరొక అచ్చున పోసిన బెల్లము సంతలో ఒక రాశిగా అమ్ముడుపోదు.

తెలుగు గ్రంథములు చేరినప్పుడు చిక్కులు మరికొన్ని వచ్చును. మన పేర్లలో ఇంటిపేరు ముందే యుండును. పాశ్చాత్యులకు అది చివర వచ్చును గనుక వారు దానిని ముందుకు త్రిప్పి నడుమ కామా పెట్టుదురు. ఆ నియమమును గ్రుడ్డిగా మనకు తగిలించినచో ముందున్న ఇంటిపేరు వెనుకకు పోవును. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని చూడుడు. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయము అచ్చువేసిన వారి సవర భాషా గ్రంథము ఆంగ్లమున నున్నది. దానిపై పేరు జి. వి. రామమూర్తి. తెలుగు వ్యాసములకు వారు గిడుగు. సూచిలో ఒకరు ర దగ్గర, ఒకరు గ దగ్గర చేరి, ఒకే మనిషి ఇద్దరగుదురు. పాదసూచికలో పేరు నిండుగా వ్రాసినంత కాలము ఇది బాధింపదు. పేరును ఒక్క మాటకు కుదించినప్పుడే బాధించును. మా అభిప్రాయము, తెలుగువారికి సర్వత్ర ఇంటిపేరు ముందుంచి, కామా లేకయే వ్రాయుట మేలు. ఒప్పుకొననివారున్నారు.

ఇక సంవత్సరము సంగతి. పాత తెలుగు పుస్తకములలో కొన్నింటి ముఖపత్రముపై క్రీస్తు శకము లేదు. విజయ సంవత్సరమనియో, వ్యయ సంవత్సరమనియో యుండును. విజయ 1893లో ఉగాదికి మొదలైనది, అరువదేండ్లకు 1953లో మరల వచ్చినది. ఏ విజయయో కాగితము చూచి, అచ్చు చూచి తేల్చుకొనవలెను. తేల్చిన పిదపను, సంవత్సరము ఉగాది నుండి ఉగాదికి గనుక 1953 అందుమా, 1954 అందుమా? పాదసూచికలో "విజయ" అని వ్రాసి ఊరకుండవచ్చును. సంవత్సరమే ప్రాణమైన పద్ధతిలో అట్లు కుదరదు; 1953–54 అని వ్రాసి, సూచిలో "విజయ" అని చూపుట న్యాయము.

కన్యాశుల్కము నుదాహరింపవలసి వచ్చినదనుకొందము. మన జిల్లావాడైన గురజాడ అప్పారావుగారి యా నాటకము తొలి కూర్పు 1897లో వచ్చినది. 1909 నాటి రెండవ కూర్పు మిక్కిలి పెరిగి, మారి వచ్చినది. ఈ రెండింటిలో దేనిని చదివితిమో చెప్పకున్న ఆ మాటకు విలువ లేదు. ఇచ్చట సంవత్సరపు పద్ధతియే మేలు చేయును. పాదసూచికలో "కన్యాశుల్కము, పుట ఇంత" అని వ్రాసి తప్పించుకొనువారిని అది పట్టి ఇచ్చును. కాని ఆ పద్ధతియే నన్నయభట్టు దగ్గరకు వచ్చునప్పటికి నవ్వు తెప్పించును. పదునొకండవ శతాబ్ది కవిని (నన్నయ 1970) అని వ్రాసిన వ్యాసమొకటి మేము చూచితిమి. పాపము, రాజమహేంద్రవరమున పునర్ముద్రణ చూచుటకు వచ్చినారేమో! ప్రాచీన కావ్యములకు పర్వము, ఆశ్వాసము, పద్యము చెప్పు మన రీతినే నిలుపుకొనవలెను. దానిని కాదను నియమావళి యేదియు లేదు.

ఈ నియమములు నిలకడగా నుండునవి కావని కూడ చెప్పవలెను. ప్రచురించిన ఊరి పేరు వ్రాయవలెనని నిన్నటి మాట. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘమువారి ఏడవ కూర్పు, 2019లో వచ్చినది, ఊరి పేరు అక్కరలేదన్నది. భాషా సాహిత్యాచార్యుల సంఘమువారు 2016లోనే దానిని చాలవరకు విడిచిరి. నాలుగైదేండ్లు వ్యాసము వ్రాయువానికి పద్ధతి మారకున్నను కూర్పు మారిపోవుచున్నది. అందుచేత ఏ కూర్పును అనుసరింతుమో మొదటనే వ్రాసి పర్యవేక్షకుల సంతకము తీసికొనుట మంచిది. లండను, న్యూయార్కు పుస్తకములకు ఊరు లేకున్న నష్టము లేదేమో. మన పాత పుస్తకములకు ఊరే గుర్తు. మద్రాసున ఒకటి, రాజమహేంద్రవరమున ఒకటి అచ్చయిన ప్రతులలో పాఠములు వేరగుచుండును. మా మాట వినుటకు వారు రారు గాని, మా వారు ఊరి పేరు విడువకుందురు గాక.

కంప్యూటరు ఉన్నది గదా, ఈ చాకిరి యేల యని కుర్రవారు నవ్వుదురు. నిజమే. 2006లో వెలువడిన జొటెరో వంటి సాధనములందు గ్రంథ వివరములు ఒక్కసారి నింపి, సూచనలను దాని ద్వారానే వ్యాసమున చేర్చినచో, మీట నొక్కినంతనే పద్ధతి మారును. కాని చేతితో టైపు చేసిన సూచన దానికి వట్టి అక్షరములే; వానిని అది ముట్టదు. మా అమ్మాయి మొదటి మూడు అధ్యాయములు చేతితో టైపు చేసినవే. అందులోను "పైదే" యని వ్రాసిన సూచనలు లెక్కకు మిక్కిలి. "పైదే" యన్న మాటకు పైనున్నది మారనంతవరకే అర్థము. నడుమ ఒక సూచిక తీసినను, చేర్చినను ఆ మాట వేరొక గ్రంథమును చూపును. షికాగోవారు సయితము 2017 నాటి కూర్పులో దాని వాడుకను నిరుత్సాహపరచిరి.

ఇది అందచందముల విషయము మాత్రము కాదు. విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘమువారు 2018లో చేసిన నిబంధనల ప్రకారము, వ్యాసమును ఇతర రచనలతో పోల్చి చూచుదురు. పోలిక పదిశాతము దాటినచో దిద్ది తిరిగి ఇమ్మందురు. నలువది దాటినచో ఒక సంవత్సరము సమర్పింపరాదు. అరువది దాటినచో పేరే కొట్టివేయుదురు. ఇతరుల మాటను ఆధారము చూపి ఉదాహరించినచో అది ఈ లెక్కలోనికి రాదు. పద్ధతి మార్చు తొందరలో ఒక సూచన జారిపోయినచో, నిజాయితీగా చూపిన ఉదాహరణము దొంగసొత్తువలె కనబడును. ఆమె రెండవ అధ్యాయమున అట్టివి నాలుగు మేము లెక్కించితిమి.

మా తప్పుడు సలహాను వెనుకకు తీసికొని, ఆమెను పిలిపించి కూర్చుండబెట్టితిమి. మొదట పాత ప్రతిని తేదీ వేసి వేరుగా దాచితిమి. వ్యాసము గెలిచి చేతికి వచ్చునంతవరకు దానిని చెరుపరాదు. ఆపై ఒక్కొక్క గ్రంథమునకు ఒక్కొక్క చీటీ వ్రాయించితిమి. కర్త పూర్తి పేరు, కూర్పు, ఊరు, ముద్రణాలయము, ముఖపత్రముపై నున్న సంవత్సరము ఉన్నదున్నట్లు. అడిగినదానికన్న చీటీలో ఎక్కువ యుండవలెను. చీటీలోనిది నేడు పారవేసినను రేపు దొరకును. చీటీలో లేనిది దొరకదు. పిమ్మట మూడు అధ్యాయములలోని పాదసూచికలను ఒక్కొక్కటిగా చదివి రెండుగా విడదీసితిమి. ఆధారము మాత్రము చెప్పునవి కుండలీకరణములకు పోయినవి. వివరణ చెప్పునవి పుట క్రిందనే మిగిలినవి. సంవత్సరపు పద్ధతిలోను వివరణకు పాదసూచిక వేయుటకు అనుమతి కలదు. ఆ సంగతి ఆమెకు ఎవరును చెప్పలేదు, ఆమె అడుగలేదు. రెండు చోడవరముల మాట మాత్రము పుట క్రింద వద్దని, వాక్యములోనికే ఎక్కించితిమి. గెజెటీర్లను ప్రభుత్వము పేర గాక ఫ్రాన్సిస్, హెమింగ్వే పేర్ల వ్రాయగా కలు, ఖలు తొలగినవి. ఈ పనికి పందొమ్మిది దినములు పట్టినవి. ఆమె రెండు దినములనుకొన్నది, మేము నాలుగనుకొంటిమి.

ఒక్క ఆధారము దగ్గర మాత్రము ఇద్దరమును ఆగిపోతిమి. మూడవ అధ్యాయమున ఆమె తన తండ్రిగారి చెరకు తూకపు చీటీలను వాడుకొన్నది. రేకు పెట్టెలో ఆయన ఏండ్ల తరబడి దాచినవి. పాదసూచికలో వానిని గూర్చి చక్కగా నాలుగు పంక్తులుండెను. క్రొత్త పద్ధతికి కర్త యెవరు? సంవత్సరమేది? కొన్నింటిపై తేదీ చెరిగిపోయినది. మార్చునప్పుడు తోచక ఆమె ఆ సూచనలనే తీసివేసినది. లెక్కలు మిగిలినవి, సాక్షి పోయినాడు. క్రొత్త పర్యవేక్షకులను అడుగుమంటిమి. వారు సహృదయులు, సూచి చివర "అముద్రిత ఆధారములు" అని వేరు శీర్షిక పెట్టి, చీటీలకు వరుస సంఖ్యలు వేసి, ఆ సంఖ్యలనే కుండలీకరణములలో చూపవచ్చుననిరి. తేదీ లేనివానికి తేదీ లేదని వ్రాయుమనిరి.

గడువునకు ఆరు దినములు ముందుగా వ్యాసము సమర్పింపబడినది. ముఖపత్రము అచ్చునకు పంపునప్పుడు మరియొక సందేహము వచ్చినది. ఆమె పరిశోధన ప్రారంభించునాటికి చోడవరము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి అనకాపల్లి జిల్లాలోనిది. ఆధారములన్నియు విశాఖపట్టణమనియే చెప్పును. శీర్షికలో పాత పేరు ఉంచి, మొదటి పుటలోనే క్రొత్త జిల్లా పేరు చెప్పితిమి.

అట్ట కట్టిన ప్రతిని ఆమె తండ్రి మా యింటికి తెచ్చినారు. ఆయన అధ్యాయములు విప్పలేదు. నేరుగా చివరి పుటలకు పోయి, అముద్రిత ఆధారముల క్రింద వ్రేలు పెట్టి, తన చీటీల సంఖ్యలు ఒకటి మొదలుకొని లెక్కపెట్టుకొనినారు.